బందెలదొడ్డి

మార్తని బందెలదొడ్డిలో పెట్టిన ఆడది ఆ పేటలో అంతవరకూ లేదు.

బందెలదొడ్డి అంటే చేల మీద పడ్డ గొడ్లని కట్టేసే ఊరి దొడ్డి కాదు. ఇది ఊడ్పుల్లో ఆడవాళ్ళు పెట్టుకున్న పేరు. నీళ్ళు పెట్టి బురదగా దమ్ము చేసిన మడిలో అందరూ వరసగా నడుం వంచి, నారు నాటుతూ వెనక్కి వెనక్కి జరుగుతారు. ఒక్కొక్కరి చేతికి అందే మేర ఒక్కొక్కరి మునుం. అందరూ ఒకే ఊపులో జరిగితే పేచీ లేదు. ఎవరి చెయ్యైనా మందగించిందా, అటు పక్కమనిషీ ఇటు పక్కమనిషీ ఆమెని దాటి వెనక్కి పోయి, ఆమె వీపు వెనక ఉన్న ఖాళీని కూడా నాటేసి మూసేస్తారు. తలెత్తి చూసుకునేసరికి చుట్టూ పచ్చటి నారు, నడుమ చాపంత బురద, అందులో ఆవిడ ఒక్కతే. ఇక మడంతా నవ్వులు. "గొడ్డు దొరికిందే, తాడు తెండి" అని ఒకరంటే, "దీని ఆసామి ఎవరో కబురు పెట్టండి" అని ఇంకొకరు. దొడ్లో పడ్డ మనిషి మిగిలిన ముక్క నాటుకుని, కొత్త నారు తొక్కకుండా కుదుళ్ళ మధ్య అడుగులేసుకుంటూ బయటికి రావాలి. తొక్కిన కుదురు తనే మళ్ళీ నిలబెట్టాలి. పొద్దుగూకాక అందరి సద్దిగిన్నెలూ తనే మోసుకుని పేటకి నడవాలి.

మార్త ఎందరినో దొడ్లో పెట్టింది. ఎడంచేతిలో నారుకట్ట, బొటనవేలితో పరకలు విడదీస్తుంటే కుడిచెయ్యి కొంగ ముక్కులా నీళ్ళలోకి దిగి లేచేది. పక్కవాళ్ళు మాటల్లో పడితే చాలు, వాళ్ళ వెనక నారు పచ్చగా నిలబడేది. తెరేసమ్మ కొత్తకోడలుగా వచ్చిన ఏడు, మొదటిరోజే పొద్దున ఒకసారి, అన్నాలయ్యాక ఒకసారి ఆ పిల్లని దొడ్లో పెట్టింది. తెరేసమ్మ బురదచేతుల్తోనే కళ్ళు తుడుచుకుని ఏడ్చింది.

"ఏడిస్తే నారు నాటుకోదే పిల్లా. వంగు" అంది మార్త.

ఆ ఏడుపుతో మొదలైన పరిచయం ఒకరి తల ఒకరు దువ్వుకునే స్నేహమైంది. ఆ స్నేహమే మార్తని టాక్సీ ఎక్కించింది.

తెరేసమ్మ చెల్లెలి పెళ్ళి బెజవాడలో జరిగింది. మంచి ఎండాకాలం. గవర్నర్‌పేటలో పెళ్ళిభోజనాలయ్యాక ఊరికి తిరిగొచ్చే టాక్సీలో అప్పటికే మనుషులు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చున్నారు. తను బస్సులో వస్తానంది మార్త.

"ఇంతమందిమి పట్టాం, నువ్వొక్కదానివే బరువయ్యావా? రా అక్కా" అని తెరేసమ్మ చెయ్యి పట్టి లోపలికి లాగి, తలుపు పక్కన ఇరికించింది.

బందరు రోడ్డు మీద టైరు పేలింది. కారు రోడ్డు దిగి తుమ్మచెట్టుకి గుద్దుకుంది. తెరేసమ్మకి మోచెయ్యి గీరుకుంది. తతిమ్మావాళ్ళు దులుపుకుని లేచారు. తలుపు లోపలికి నొక్కుకుపోయిన చోట మార్త కాళ్ళున్నాయి.

కుడి తొడ ఎముక విరిగింది. ఎడంకాలు మోకాలి కింద నుజ్జయింది. బెజవాడ ఆసుపత్రిలో ఒక కాలికి పిండికట్టు వేశారు. రెండోదానికి తాడు కట్టి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీశారు. పక్కకి ఒత్తిగిలడానికి కూడా లేదు. అలా ఉండగానే కాలవలకి నీళ్ళు వదిలారు. అలా ఉండగానే నాట్లు అయిపోయాయి. వార్డు కిటికీలోంచి వాన పడ్డ మట్టి వాసన వస్తే మార్త చేతివేళ్ళు తెలియకుండానే దుప్పటి మీద కదిలేవి.

"ఏం ఏరుతున్నావే అమ్మాయ్, పేలా?" అని పక్కమంచం ముసలమ్మ అడిగేది.

ఆ టాక్సీని ఆటోనగర్లో బాగుచేయించి మళ్ళీ రోడ్డెక్కించారని భర్త అంతోని ఒకసారి వచ్చి చెప్పాడు.

"దానికి నయమైందా? పోన్లే" అంది మార్త. బరువు వేలాడుతున్న తన కాలివైపు చూసుకుని, "దానికి మంచి డాక్టరు దొరికినట్టున్నాడు" అని కూడా అంది. అంతోనికి నవ్వాలో వద్దో తెలియలేదు.

కట్లు విప్పాక కాళ్ళు తనవి కానట్టు, ఎవరో వాడి వదిలేసిన కర్రల్లా ఉన్నాయి. కుడికాలు రెండు వేళ్ళ మందం పొట్టిదైంది. ఆ మోకాలు సగానికి మించి వంగదు. చంకల్లో కర్రలతో వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచిన రోజు డాక్టరు గారు చాలా సంతోషించారు. చిన్నవయసాయన, మంచివాడు.

"ఇంకేం అమ్మా, నడిచేశావు!"

"అయ్యగారూ, వెనక్కి నడవొచ్చాండీ?"

"వెనక్కా? వెనక్కెందుకు?"

"నాట్లకండీ."

ఆయన నవ్వబోయి ఆగాడు. మార్త పాదాలకేసి కాసేపు చూశాడు. "ముందుకి సరిగ్గా నడవనియ్యమ్మా. వెనక సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు. ఇంటికి పంపించేదాకా ఆ వెనక సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

క్రిస్మసు ముందర ఇంటికొచ్చింది. అత్త అమలమ్మ ఆమెని మంచం దిగనిచ్చేది కాదు. నీళ్ళ చెంబు దగ్గర నుంచి అన్నీ చేతికి అందించేది. వచ్చినవాళ్ళందరికీ కోడలి కాళ్ళ మీది దుప్పటి తొలగించి మచ్చలు చూపించేది. "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అనేవాళ్ళు వాళ్ళు. మార్తకి ఆ మాట వింటే లోపల ఏదో చప్పబడేది. ప్రాణం దక్కింది నిజమే. దక్కిన ప్రాణం ఎక్కడ నిలబడాలి? మునుంలో తన చోటు ఒకటి ఉండేది. అది ఈ ఏడు ఎవరో నాటేశారు.

కర్రలు పక్కన పెట్టే రోజొచ్చాక, అత్త ఇంట్లో లేనప్పుడు గోడకి ఒక చెయ్యి ఆనించి వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఒకరోజు అమలమ్మ పుల్లల మోపుతో వచ్చి గడపలో నిలబడిపోయింది.

"ఇదేం నడకే తల్లీ! ఎవరన్నా చూస్తే దెయ్యం పట్టిందని ఫాదరుగార్ని పిలుస్తారు."

"పిలవనియ్యి అత్తా. ఆయన్నీ నాతో పాటు వెనక్కి నడవమంటాను."

"నీ నోటికి మాత్రం ఏ బండీ గుద్దలేదు" అని మోపు దించుకుంది అమలమ్మ.

అంతోని ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక ఆదివారం గుడి నుంచి వచ్చాక, ఇంటి వెనక స్నానం నీళ్ళు పారే చోట పలుగు పట్టుకుని తవ్వడం మొదలుపెట్టాడు. రెండు మంచాలంత మేర తవ్వి, కాలవ నుంచి కావిడితో నీళ్ళు తెచ్చి పోసి, తనే దిగి తొక్కాడు. బురద మెత్తగా వెన్నలా అయ్యేదాకా తొక్కాడు. మార్త అరుగు మీద కూర్చుని చూస్తూనే ఉంది.

"ఏంటి మావా ఇది?"

"మడి" అన్నాడు అంతోని. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ మడిలోనే మార్త తన కాళ్ళని మళ్ళీ తెలుసుకుంది. గట్టి నేల మీద నడిస్తే ప్రతి అడుక్కీ భుజం ఒక పక్కకి కుంగేది. బురదలో పొడుగుకాలు కాస్త లోతుగా దిగి నడుం సమంగా నిలబడింది. మొదటిసారి అలా నిలబడ్డప్పుడు ఆమెకి ఏడుపొచ్చింది. కానీ నిలబడ్డం ఒకటి, కదలడం ఒకటి. కుడికాలు దిగితే మళ్ళీ రాదు. మోకాలు వంగదు కనక నిలువునా లాగాలి. లాగితే బురద ఇంకా గట్టిగా పీల్చుకునేది. ఎన్నోసార్లు వెల్లకిలా పడింది. పడి పడి చివరికి ఒకటి కనిపెట్టింది: కాలు లాగకూడదు. ముందు మడమ కాస్త బయటికి తిప్పాలి. అరికాలి కిందికి నీళ్ళు జారేదాకా ఆగాలి. నీళ్ళు జారితే బురదే కాలు వదిలేస్తుంది. ఆ ఆగడమే కష్టం. ఆగడం మార్తకి ఎప్పుడూ రాదు.

కాలవలకి నీళ్ళొచ్చాయి. నారుమళ్ళు పచ్చబడ్డాయి. ముఠాకి పెద్ద శౌరమ్మ. ఏ ఆసామి చేలో ఎప్పుడు దిగాలో, ఎవరు ఏ మునుం పట్టాలో ఆమె చెప్పిందే మాట. ఆమె పలకరించడానికి వచ్చినట్టు వచ్చి అరుగు మీద కూర్చుంది.

"గట్టు మీద మంచినీళ్ళ బిందె దగ్గర కూచుందువుగాని మార్తా. వచ్చినట్టూ ఉంటది, కాళ్ళకి సుఖంగానూ ఉంటది."

"నాకు మునుం ఇవ్వు పిన్నీ."

శౌరమ్మ చుట్ట అంటించుకుని, పొగ వదిలి, ఆమె కాళ్ళవైపు చూడకుండా వెనక ఉన్న బురదగుంటని చూసింది. "సరే, దిగు. చూద్దాం" అంది.

మొదటిరోజు రామకోటేశ్వరరావు గారి చేలో దిగారు. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డ ఆ ఆసామి కూడా, "ఏమ్మా మార్తా, నెమ్మదిగా, నెమ్మదిగా" అన్నాడు. ఏళ్ళ తరబడి ఆయన నోట "తొందరగా కానివ్వండి" తప్ప వేరే మాట వినలేదు మార్త. ఒకపక్క తెరేసమ్మ, ఇంకోపక్క ఈ మధ్యే కాపురానికొచ్చిన కొత్తకోడలు. మార్త మడమ తిప్పుతూ, నీళ్ళు జారేదాకా ఆగుతూ, నాటుతూ జరిగింది. చెయ్యి మరిచిపోలేదు. కాలే చేతిని ఆపుతోంది. అయినా ఆశ్చర్యం, పొద్దెక్కేసరికి అందరితో పాటే ఉంది. ఒళ్ళంతా తేలికైపోయింది.

అన్నాల వేళ గట్టు మీద కూర్చుని, పొద్దుటి నుంచి నాటిన మడివైపు చూసింది. నాటినవాళ్ళకి ఎవరి చెయ్యి ఏదో తెలుస్తుంది. తెరేసమ్మ నాటిన కుదురు కొంచెం పడమటికి వాలుతుంది. మార్త తిట్టి తిట్టి మాన్పించలేకపోయిన అలవాటు అది. ఆ వాలు కుదుళ్ళు తన మునుంలోకి మూరెడు దాకా వచ్చి ఉన్నాయి. అటు పక్క కొత్తకోడలి కుదుళ్ళూ అంతే. ఇద్దరూ రెండువైపుల నుంచీ కొంచెం కొంచెం లోపలికి నాటుకుంటూ వచ్చారు. నడిమిన తన మునుం పిల్లకాలవంత సన్నంగా పారింది.

మార్త ముద్ద నోట్లో పెట్టుకోలేదు. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. పొద్దుటి నుంచీ మడిలో ఎవరూ ఎవర్నీ దొడ్లో పెట్టలేదు. ఒక్క వేళాకోళం లేదు. తన చుట్టూ ఉన్నవాళ్ళు రోగి పక్కన మాట్లాడినట్టు మెల్లిగా మాట్లాడుతున్నారు. తను దిగితే మడి మడంతా ఆసుపత్రి అయిపోయింది.

సాయంత్రం కొత్తకోడలు వచ్చి ఆమె చేతిలో సద్దిగిన్నె కూడా అందుకుంది. "నేను తెస్తాలే అత్తా, నువ్వు చేతులూపుకుంటూ రా."

మర్నాడు మడిలో దిగేముందు మార్త తెరేసమ్మని గట్టు మలుపు దగ్గర ఆపింది.

"నా మునుంలో చెయ్యి పెట్టకే."

"నేనెక్కడ పెట్టానక్కా?"

"పడమటికి వాలిన కుదురు నాది కాదు."

తెరేసమ్మ తల దించుకుంది. కళ్ళు అప్పటికే నిండిపోయాయి. "ఆ రోజు నేను చెయ్యి పట్టి లాగకపోతే నువ్వు బస్సులో వచ్చేదానివి. నీ కాళ్ళు నీకుండేవి. ఆ మాత్రం నాటితే తప్పా?"

"నువ్వు లాగావు, నేను ఎక్కాను. టైరు పేలింది. నాకేం నీ మీద కోపం లేదు, ఆ రోజూ లేదు. నిన్న వచ్చింది కోపం."

"ఎందుకూ?"

"నేను అక్కడ ఉన్నాననుకున్నాను. నువ్వే ఉన్నావు, నా చోట కూడా." మార్త గొంతు తగ్గించింది. "నన్ను దొడ్లో పెట్టవే."

"అమ్మో! నలుగురూ ఏమంటారు? కుంటిదాన్ని పట్టుకుని..." తెరేసమ్మ నాలిక కరుచుకుంది.

"అన్నావుగా! ఏడాదిగా పేట పేటంతా నోట్లో దాచుకున్న మాట. ఏమైంది? నాకేం కాలేదు."

చుట్ట ఆర్పుకుంటూ శౌరమ్మ, ఆమె వెంట తతిమ్మా ఆడవాళ్ళూ వెనకనే నిలబడి ఉన్నారని ఇద్దరూ చూడలేదు.

"మునుం పట్టినాక అందరూ ఒకటే" అంది శౌరమ్మ. "మార్తా, నువ్వడిగావు కాబట్టి అందరి ముందరా చెబుతున్నా. నీ మునుంలో ఎవరూ చెయ్యి పెట్టరు. వెనకబడితే మూసేస్తారు. నీ అంతట నువ్వు బయటికొచ్చావా, ఆ చోటు నీది, ఇంక ఎవరూ అడగరు. ఎవరన్నా దిగి చెయ్యి అందించాల్సి వచ్చిందా, రేపట్నుంచి మంచినీళ్ళ బిందె. సమ్మతమేనా?"

"సమ్మతమే పిన్నీ."

ఆ రోజు మడి నల్లరేగడి, లోతు ఎక్కువ. మొదట్లో తెరేసమ్మ చెయ్యి మెల్లిగా ఆడింది. శౌరమ్మ ఒక్క కేక పెట్టింది. ఆ తర్వాత ఆ చెయ్యి ఆగలేదు. ఎండ నెత్తి మీదికి రాకముందే మార్తకి రెండు పక్కలా వీపులు కనపడ్డం మానేశాయి. గాజుల చప్పుడు వెనక్కి వెళ్ళింది. అక్కడి నుంచి ఒకదానికొకటి దగ్గరైంది. నీళ్ళలో నారు గుచ్చే చప్పుడు తన వీపు వెనక అటు నుంచి ఇటు సాగింది. మార్త తలెత్తి చూడలేదు. చూడక్కర్లేదు కూడా. ఆ చప్పుడు తనదే, ఇన్నేళ్ళూ ఇంకొకళ్ళ వెనక తను చేసిన చప్పుడు.

తలెత్తేసరికి చుట్టూ నారు. మడిలో ఎవరూ నవ్వలేదు. అందరూ నడుం ఎత్తి, చేతుల్లో కట్టలు పట్టుకుని ఆమెనే చూస్తున్నారు.

"ఏంటే చూస్తారు?" అని మార్తే అరిచింది. "గొడ్డు దొరికితే తాడు తెమ్మనరేం?"

అప్పుడు తెరేసమ్మ నోరు విప్పింది. "తాడెందుకక్కా, మూడుకాళ్ళ గొడ్డు ఎక్కడికి పారిపోద్ది?"

ముందు మార్తే నవ్వింది. కడుపులోంచి వచ్చిన నవ్వు. ఆ నవ్వు పట్టుకుని శౌరమ్మ, ఆమె వెంట కొత్తకోడలు, ఆ వెంట మడంతా పగలబడి నవ్వారు. "దీని ఆసామి అంతోనికి కబురెట్టండే" అని ఒకరు. "వాడు విడిపించుకోడు, అక్కడే ఉంచమంటాడు" అని ఇంకొకరు. ఏడాదిపైగా తన మీద పడని మాటలు వానలా పడుతుంటే మార్త వంగి, చాపంత బురదనీ ఒక్కతే నాటుకుంది. చివరి కుదురు నాటి, బయటికి రావడానికి కుడికాలు కదిపింది.

రాలేదు. నల్లరేగడి పట్టేసింది. నవ్వులు ఇంకా సాగుతున్నాయి, అందరూ చూస్తున్నారు. ఆ తొందరలో మార్త కాలు నిలువునా లాగింది. ఒళ్ళు తూలి, నారు మధ్యనే చతికిలబడింది.

నవ్వు తెగిపోయింది. తెరేసమ్మ కట్ట పారేసి రెండడుగులు ముందుకేసింది.

"ఎవరూ కదలబాకండి!" అంది శౌరమ్మ.

తెరేసమ్మ ఆగింది. చాచిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. అదే చెయ్యి, కారులోకి లాగిన చెయ్యి. మార్త దానివైపు చూసింది, తర్వాత తన కాలివైపు చూసింది. తొడలో నొప్పి సలుపుతోంది. నీళ్ళ మీద చిన్న పురుగొకటి గీతలు గీస్తూ పోతోంది. దాన్ని చూస్తూ కూర్చుంది. మడమ మెల్లిగా బయటికి తిప్పింది. ఆగింది. ఇంకా ఆగింది. అరికాలి కింద చల్లగా ఏదో జారింది. బురద బుడగ వదిలి, కాలు వదిలేసింది.

రెండు చేతులూ బురదలో ఆనించి లేచింది. కుదుళ్ళ మధ్య ఒక్కొక్క అడుగూ వెతుక్కుంటూ, పక్కకి కుంగుతూ బయటికి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే కూలబడ్డ చోట నాలుగు కుదుళ్ళు పడిపోయి ఉన్నాయి. మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఒక్కొక్కటీ నిలబెట్టి, వేళ్ళ దగ్గర బురద నొక్కి, మళ్ళీ వచ్చింది. అంతసేపూ ఎవరూ సాయం రాలేదు. ఆమె వచ్చి తెరేసమ్మ పక్కన నిలబడ్డాక శౌరమ్మ, "ఊఁ, ఇంక వంగండి. నారు వాడిపోతంది" అంది.

తెరేసమ్మ తన కొంగుతో కళ్ళు తుడుచుకోబోయింది.

"ఏడిస్తే నారు నాటుకోదే" అంది మార్త. నారుకట్ట విప్పింది.

సాయంత్రం పేట మొదట్లో అమలమ్మ కోడలికోసం చూస్తూ నిలబడి ఉంది. ఆడవాళ్ళందరూ చేతులూపుకుంటూ ముందు వచ్చేశారు. చాలా వెనగ్గా మార్త వస్తోంది. నెత్తిన గంప, గంప నిండా సద్దిగిన్నెలు. కుడికాలు పడ్డప్పుడల్లా గిన్నెలన్నీ ఘల్లుమంటున్నాయి.

"ఇన్ని గిన్నెలేంటే? ఎవరివీ?" అమలమ్మ గుండెలు బాదుకుంది. "కాళ్ళు బాగాలేనిదాని నెత్తిన పెడతారా ఇవన్నీ? ఉండండి, మీ పని చెబుతా..."

"అందరివీ అత్తా. ఓడిపోయాను" అంది మార్త. ఆమె మొహమంతా ఎండిన బురద, ఆ బురద పగుళ్ళిచ్చేలా నవ్వు.

అమలమ్మ తిట్టబోయిన తిట్టు మింగేసింది. "ఇలా ఇయ్యి, నేను దించుతా."

"వద్దు. ఇంటింటికీ నేనే ఇచ్చి రావాలి."

మార్త గంప సర్దుకుని ముందుకి నడిచింది. ఘల్లుమనే చప్పుడు విని, ఎవరి గిన్నె వాళ్ళు అందుకోవడానికి ఒక్కొక్కరే వాకిట్లోకి వస్తున్నారు.